ముందు మాట నేర్చుకుందాం

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ ఒకే ఒక్క మాటతో నా కబుర్లు మొదలుపెడతాను. ఆ మాట 'ఛోరీ'. ఉర్దూ కాస్త తెలిసినవాళ్ళు వెంటనే, 'చోరీ అంటే దొంగతనం గదా!' అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందువల్ల ఒక పసిపిల్లకు జరిగిన నష్టం ఈనాటికీ తీరలేదు. ఆ సంగతి చెప్పే ముందు మా ఊళ్ళ గూర్చి రెండు మాటలు చెప్పాలి.

నేను పుట్టింది వికారాబాదు, మెట్టింది తాండూరు. రెండింటికీ నడుమ దూరం నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. నిజాం కాలంలో, 1874లో, వాడి జంక్షన్ నుంచి హైదరాబాదుకు వేసిన రైలుదారి మీద ఉన్నాయి రెండు ఊళ్ళూ. వికారాబాదు అనగానే అనంతగిరి కొండలు, మూసీనది పుట్టిన చోటు, క్షయరోగుల శానటోరియం గుర్తొస్తాయి. తాండూరు అనగానే బండలు, కందిపప్పు. మీలో చాలామంది ఈ మాటలు వింటూ కాళ్ళ కిందికి చూసుకుంటే అక్కడ తాండూరు నాపరాయే కనిపించవచ్చు. ఇక తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2016 నుంచి తాండూరు కూడా వికారాబాదు జిల్లాలోదే. అంటే నా పుట్టినిల్లూ మెట్టినిల్లూ ఒకే జిల్లా అయ్యాయన్నమాట!

తాండూరు దాటి కాస్త ముందుకు పోతే కన్నడ దేశం. అందువల్ల మా బజారులో ఒక పావుగంట నిలబడితే చాలు, తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. కొత్తకోడలిగా వెళ్ళినప్పుడు నాకు అదొక వింత. తరవాత అలవాటైంది. అలవాటైందంటే నేర్చుకున్నానని కాదు సుమా! వినీ విననట్టు ఊరుకోవడం అలవాటైంది. కూరగాయల బేరానికి సరిపడా ఉర్దూ వచ్చు. ఇంతకన్నా ఎందుకులే అనుకున్నాను.

పాతికేళ్ళ కిందటి మాట. మా వీధి చివర బండలు నున్నగా అరగదీసే యూనిట్టు ఒకటి ఉండేది. అందులో కూలికి చించోలి వైపు తండా నుంచి ఒక లంబాడీ కుటుంబం కొత్తగా వచ్చింది. ఇల్లాలికి లంబాడీ తప్ప వేరే భాష సరిగ్గా రాదు, ఏవో నాలుగు కన్నడం ముక్కలు తప్ప. ఒకనాడు తెల్లవారుతూనే వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. జుట్టు చెదిరిపోయి ఉంది. రాత్రంతా నిద్రలేని కళ్ళు. గబగబా ఏదో చెప్పింది. అందులో నాకు అందిన మాట ఒక్కటే. 'ఛోరీ, ఛోరీ.'

దొంగతనమా? ఎవరింట్లో? నామీద అనుమానమా, నాతో చెప్పుకోవడానికి వచ్చిందా? పిల్లలు బడికి వెళ్ళే వేళ. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. 'మా ఇంట్లో ఏమీ పోలేదమ్మా, నీదేమైనా పోతే పోలీసు స్టేషనుకు వెళ్ళు' అని చెయ్యి ఊపాను. కదల్లేదు. పాపం ఆకలేమో అనుకుని గిన్నెడు బియ్యం తెచ్చి కొంగులో పోశాను. బియ్యం వంక చూసింది, నా వంక చూసింది, వెళ్ళిపోయింది. ఆపూట నేను పుణ్యం చేసుకున్నాననే అనుకున్నాను!

నాలుగు రోజుల తరవాత పక్కింటి పిన్నిగారు చెప్పారు. లంబాడీలో ఛోరీ అంటే ఆడపిల్ల. తన బిడ్డకు చెవిలో చీము పట్టి, జ్వరం వచ్చి, రాత్రంతా ఏడుస్తోందట. ఏ డాక్టరు దగ్గరికి పోవాలో, ఎలా చెప్పాలో తెలియక, మా ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఉన్నారని వచ్చిందట. నేను బియ్యం పోసి పంపాను. ఆ తరవాత ఎవరో పసరు పోయమన్నారు, పోసింది. చివరికి ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి కర్ణభేరి దెబ్బతిన్నది. ఆ పిల్లకు ఎడమచెవి వినికిడి చాలావరకు పోయింది.

సోదరీమణులారా, వినిపించుకోనిది నా చెవి, పోయింది ఆ పిల్ల చెవి. ఇంతకన్నా ఏమని చెప్పను!

ఆ రోజుల్లో వికారాబాదులో ఉన్న మా అమ్మకు ఉత్తరం రాశాను. అమ్మ నన్ను తిట్టలేదు. వారం తరవాత తానే రైలెక్కి వచ్చి కూర్చుని, చిన్నప్పుడు తాను చూసిన కథ ఒకటి చెప్పింది.

అమెరికా మెథడిస్టు మిషన్ వారు వికారాబాదులో ఆసుపత్రీ, ఆడపిల్లల బడీ పెట్టిన సంగతి ఆ ప్రాంతం వారందరికీ తెలుసు. అమ్మ చిన్నతనంలో అక్కడికి కొత్తగా వచ్చిన ఒక దొరసాని ఉండేదట. వచ్చీ రాగానే మందులిస్తుందో, పాఠాలు చెబుతుందో అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. ఆమె మాత్రం పలక పట్టుకుని పంతులుగారి ముందు కూర్చుని 'అ ఆ'లు దిద్దేదట! సాయంకాలం పిల్లల్ని పిలిచి, చెట్టు చూపించి 'ఇది ఏమిటి?', ఆవును చూపించి 'ఇది ఏమిటి?' అని అడిగేదట. 'అంత పెద్ద మనిషి, మాకంటే చిన్నపిల్లయిపోయి మా దగ్గర మాటలు నేర్చుకున్నదే! నీకేం నామోషీ?' అన్నది అమ్మ.

ఆ దొరసానుల తెలుగు గూర్చి ఊళ్ళో నవ్వుకునే కథలు కూడా ఉండేవి. పరాయి దేశం వాళ్ళకు మన 'ల'కూ 'ళ'కూ తేడా తెలియదు గదా! ఒక డాక్టరమ్మ కళ్ళజబ్బుతో వచ్చిన ముసలాయనను, 'తాతా, నీ కల్లు చూపించు' అన్నదట. 'పొద్దున్నే తాగేశానమ్మా, ఇంక లేదు' అన్నాడట ఆయన! ఇంకొకావిడ పనిమనిషితో 'కొంచెం పరుగు తీసుకురా' అంటే, ఆ అమ్మాయి వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చిందట. పాపం, ఆవిడ అడిగింది పెరుగు. ఇవి నిజంగా జరిగినవో, నవ్వుకోవడానికి కల్పించినవో గాని, ఒకటి గమనించండి. నవ్వుతారని భయపడి వాళ్ళు నోరు మూసుకోలేదు.

పాత మిషన్లలో దీనికొక కట్టుబాటే ఉండేది. కొత్తగా వచ్చినవారికి మొదటి ఏడాది, రెండేళ్ళు ముఖ్యమైన పని ప్రజల భాష నేర్చుకోవడమే. పరీక్షలు రాయాలి, ప్యాసవాలి. ఆ తరవాతే పూర్తి బాధ్యతలు. సేవ చెయ్యాలని ఉబలాటపడి సముద్రాలు దాటి వచ్చినవాళ్ళను, 'ముందు కూర్చుని చదువుకో' అంటే ఎంత కష్టమో ఆలోచించండి. అయినా అదే సరైన పద్ధతి. రోగి చెప్పేది అర్థం కాని డాక్టరు ఏ మందిస్తాడు? తల్లి చెప్పేది అర్థం కాని టీచరు పిల్లకు ఏం నేర్పుతుంది?

వాళ్ళు వచ్చింది మతం కోసం గదా అని మీలో కొందరు అనవచ్చు. నిజమే, చాలామంది అందుకే వచ్చారు. ఆ చర్చ వేరు, దాని మంచిచెడ్డలు పెద్దలు ఎన్నో విధాలుగా చెప్పారు. నేను వారి నుంచి తీసుకుంటున్నది ఒక్క గుణమే. ఎదుటివారికి ఏదైనా ఇచ్చే ముందు, వారి దగ్గర ఒకటి పుచ్చుకోవాలి. అది వారి మాట.

ఈ పద్ధతి మన దేశానికి వచ్చినవారిది మాత్రమే కాదు. ప్రపంచానికి ఆ చివర, మధ్య అమెరికాలో కోస్టారికా అనే చిన్న దేశం ఉంది. దాని రాజధాని సాన్ హోసే. స్పానిష్ నేర్పే బడి ఒకటి 1942లో కొలంబియాలో మొదలై, 1950లో ఆ ఊరికి మారింది. దక్షిణ అమెరికాలోనో మెక్సికోలోనో సేవకు వెళ్ళదలచిన క్రైస్తవ కుటుంబాలు ఎన్నో ముందుగా అక్కడికి చేరి, నెలల తరబడి ఉండి భాష నేర్చుకుంటాయి. స్పానిష్ ఇరవై దేశాలకు అధికార భాష మరి! ఇందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, బడికి వెళ్ళేది మగవాడొక్కడే కాదు. ఇల్లాలూ వెళుతుంది. పరాయి ఊళ్ళో పాలవాడితో, పొరుగింటామెతో, పిల్లల టీచరుతో రోజంతా మాట్లాడవలసింది ఆమే గదా!

ఆ భాషలో కూడా మన కల్లూ కళ్ళూ వంటి చిక్కులున్నాయి. ఆడమనిషి 'కన్సాదా' అంటే అలసిపోయానని. నడుమ 'న్' ఒక్కటి జారిపోయి 'కసాదా' అయిందంటే, నాకు పెళ్ళయిందని! రెంటికీ పెద్ద తేడా ఏముందండీ అంటారేమో, నేను మాట్లాడను! మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వారికి 'తూ', 'ఉస్తెద్' ఉన్నాయి. చిన్నా పెద్దా చూసి మాట్లాడాలి. ఇంగ్లీషు మాత్రమే తెలిసి అక్కడికి వెళ్ళినవాళ్ళకు ఇదొక పెద్ద పాఠం. మనకైతే పుట్టుకతో వచ్చిన విద్య.

అంత దూరపు భాష మనకెందుకు అనకండి. మీ పడకగదిలో అలమారా ఉందా? స్నానం చేసి తుడుచుకునే తువ్వాలు? ఇల్లు కట్టిన మేస్త్రీ? ఈ మాటలు పోర్చుగీసు వారి నుంచి మన దేశానికి వచ్చాయని పండితులు చెబుతారు. పోర్చుగీసు, స్పానిష్ అక్కాచెల్లెళ్ళు. స్పానిష్‌లోనూ అవి ఇంచుమించు అలాగే ఉంటాయి. ఎన్ని దేశాల మాటలు మనకు తెలియకుండానే మన ఇంట్లో కాపురం చేస్తున్నాయో చూశారా!

ఇక మనవాళ్ళలోనే ఒక కుటుంబం గూర్చి చెబుతాను. ఇందాక చెప్పిన మా రైలుదారి పుట్టిన 1874లోనే, తమిళదేశంలో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు అజరయ్య. పెరిగి పెద్దవాడై, 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్లుకు వచ్చాడు. డోర్నకల్లు మాకు పరాయిది కాదు. వికారాబాదులో తూర్పుకు పోయే బండెక్కి, సికిందరాబాదు దాటి అదే పట్టాల మీద పోతే వస్తుంది. అజరయ్యగారికి అప్పుడు ముప్ఫయి ఐదేళ్ళు. భార్య అన్బు మరియమ్మాళ్, చదువుకున్న ఇల్లాలు. మొదటి రోజుల్లో అక్కడ గుడారమే నివాసం. చుట్టూ తెలుగు. వారికి తెలిసింది తమిళం, ఇంగ్లీషు. ముప్ఫయి ఐదేళ్ళ వయసులో మళ్ళీ ఓనమాలు మొదలుపెట్టి తెలుగు నేర్చుకుని, పల్లెపల్లెకూ తిరిగి, ఊరి బయట బతికే పేదవారి మధ్య పనిచేశారు.

1912లో ఆయన డోర్నకల్లుకు బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. జనం ఆయనను 'తండ్రిగారు' అని పిలిచేవారు. ఈ పిలుపు తెలుగు పిలుపు! తెలుగు నేర్చుకోకుండా దొరతనం చేసి ఉంటే 'దొరగారు' అని ఉండేవారేమో గాని, తండ్రిగారు అని ఉండేవారా? 1939లో డోర్నకల్లులో వారి పెద్ద దేవాలయం ప్రతిష్ఠ జరిగింది. మన గుళ్ళ పోలికలూ, మసీదుల పోలికలూ కలిసిన కట్టడం అది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు.

తమిళం, తెలుగు పక్కపక్క భాషలు, అదేమంత గొప్ప అంటారా? అయితే ఇప్పుడు స్పెయిను దేశం నుంచి మన అనంతపురానికి వచ్చినాయన కథ చెబుతాను. మా తాండూరులో రైలెక్కి, వాడి దగ్గర మలుపు తిరిగి, రాయచూరు, గుంతకల్లు మీదుగా పోతే అనంతపురం వస్తుంది. కొందరు స్పానిష్ నేర్చుకోవడానికి ఇల్లు విడిచి వెళితే, ఆయన స్పానిష్ మాట్లాడే ఇల్లు విడిచి మన దగ్గరికి వచ్చారు.

పేరు విన్సెంట్ ఫెర్రర్. 1920లో బార్సిలోనాలో పుట్టారు. చిన్న వయసులోనే స్వదేశంలో అంతర్యుద్ధం చూశారు. జెస్యూట్ సంఘంలో చేరి 1952లో బొంబాయి వచ్చారు. మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య ఉండి, బావులు తవ్వించే పనిలో దిగారు. ఆ పనికి ఆదరణతోపాటు వ్యతిరేకతా వచ్చింది. 1968లో దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. రైతులు వేలసంఖ్యలో వీధికెక్కారు. ఇందిరాగాంధీ ప్రభుత్వం తిరిగి రానిచ్చింది. 1969లో ఆయన ఎంచుకున్న చోటు అనంతపురం. దేశంలోనే వాన అతి తక్కువగా పడే జిల్లాల్లో అదొకటి.

ఆయనతోపాటు వచ్చినవారిలో అన్నే పెర్రీ అనే ఇంగ్లీషు యువతి ఉన్నారు. బొంబాయిలో పత్రికా విలేఖరిగా ఉండేవారు. 1970లో ఫెర్రర్ మతగురువు పదవి వదులుకొని ఆమెను పెళ్ళాడారు. విశ్వాసం మాత్రం వదల్లేదు. మనిషికి మేలు చెయ్యడమే తన ప్రార్థన అనుకున్నారు. ఒక్కసారి ఆ కొత్త సంసారాన్ని ఊహించుకోండి. ఆయనది స్పానిష్, ఆమెది ఇంగ్లీషు, చుట్టూ పల్లెల్లో రాయలసీమ తెలుగు! ముగ్గురు బిడ్డలు ఆ మాటల మధ్యే పెరిగారు. కుమారుడు మాంచో ఫెర్రర్ తెలుగు మాట్లాడితే విన్నవారు అనంతపురం జిల్లాలో కోకొల్లలు.

వారు స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు, అందరూ ఆర్డీటీ అంటారే, అది పల్లెల్లో బడులు, చెరువులు, ఇళ్ళు, బత్తలపల్లిలోనూ, కళ్యాణదుర్గంలోనూ, కణేకల్లులోనూ ఆసుపత్రులు కట్టింది. ఇళ్ళ సంగతిలో మీకు ఒక విశేషం చెప్పాలి. కట్టిన ఇంటిని ఇల్లాలి పేరనే రాసేవారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఏం చెప్పుకుంటున్నారో విన్నవాళ్ళకే తడుతుంది ఈ ఆలోచన. తాగి వచ్చి 'నా ఇంట్లోంచి పో' అని గెంటే మాట ఎన్ని గుడిసెల్లో వినపడేదో! ఇల్లు ఆమె పేర ఉంటే ఆ మాట ఎవరు, ఎవరిని అనగలరు? మహిళల పనుల భారం చాలావరకు అన్నే ఫెర్రరే చూశారు.

స్పెయినులో వేలాది కుటుంబాలు ఇక్కడి పిల్లల చదువుకు డబ్బు పంపాయి. ఆ పిల్లలు వారికి ఉత్తరాలు రాస్తారు. రాసేది తెలుగు, చదివేది స్పానిష్. నడుమ అనువాదం చేసే మనిషి కావాలి గదా! అలా అనంతపురంలో స్పానిష్‌కు పని పుట్టింది. అంతేకాదు, పేద కుటుంబాల్లోంచి డిగ్రీ దాకా వచ్చిన పల్లెటూరి అమ్మాయిలకూ అబ్బాయిలకూ స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ నేర్పే బడి కూడా పెట్టారు. తల్లిదండ్రులు వేరుశనగ చేలో కూలి చేస్తే, బిడ్డ ఉస్తెద్ అంటూ మాట్లాడి ఉద్యోగం సంపాదించింది. మన భాష వారు నేర్చారు, వారి భాష మనం నేర్చాం. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదీ.

1998లో స్పెయిను దేశం ఫెర్రర్‌కు ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ బహుమానం ఇచ్చింది. 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూశారు. సమాధి స్పెయినులో కాదు, బత్తలపల్లిలో ఉంది.

వారు చేసిన పనుల్లో ఒకటి విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. చెవులు వినపడని పిల్లలకు వారు బడులు పెట్టి, చేతుల భాష నేర్పించారు. చూడండి, అక్కడ టీచరు కూడా ముందు ఆ పిల్లల భాష నేర్చుకుని తీరాలి!

ఇక మా తాండూరుకు తిరిగి వద్దాం. అమ్మ వచ్చి వెళ్ళిన మర్నాడు నేను ఆ లంబాడీ ఇల్లాలి గుడిసెకు వెళ్ళాను. క్షమించమని అడగడానికి నాకు ఆమె భాషలో మాట లేదు. పక్కింటి పిన్నిగారు సాయం వచ్చి చెప్పారు. ఆమె నన్ను ఏమీ అనలేదు. పిల్లను చూపించింది. చెవిలో దూది పెట్టుకుని ఆడుకుంటోంది. మందులూ, డాక్టరు దగ్గరికి తిరగడమూ ఆనాటి నుంచి నా పని. పోయిన వినికిడి రాలేదు గాని, రెండో చెవి నిలిచింది.

తరవాత ఒక పాత లెక్కల పుస్తకం తీసి, రోజుకు రెండు మాటల చొప్పున ఆమె దగ్గర రాసుకున్నాను. మొదటి మాట 'యాడి', అంటే అమ్మ. 'బాటి' అంటే రొట్టె. 'పాణి' నీళ్ళు. 'ఛోరా' మగపిల్లవాడు. 'ఛోరీ'... ఆ మాట రాసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను పలికే తీరుకు ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. నా ఇంటి ముందు తల వంచుకుని నిలబడ్డ మనిషి, నా ముందు కూర్చుని అంత హాయిగా నవ్వడం అదే మొదలు. నేను టీచరును కాను, ఆమె టీచరు. అప్పుడు తెలిసింది నాకు. బియ్యం పోసినప్పుడు నేను పై మెట్టు మీద ఉన్నాను. మాట నేర్చుకునేటప్పుడు ఇద్దరం ఒకే చాప మీద కూర్చున్నాం.

మీరు అడగవచ్చు, 'మాకు విదేశాలు వెళ్ళే పనీ లేదు, తండాలు చూసే వీలూ లేదు, మేమేం చెయ్యాలి?' అని. అమ్మా, ఇప్పుడు విదేశాలే మన మెట్లెక్కి వస్తున్నాయి! మీ అపార్ట్‌మెంటు కట్టిన కూలీలు ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చి ఉంటారు. వాచ్‌మన్ భార్య ఏ జిల్లా మనిషో, ఆమె ఇంట్లో ఏం మాట్లాడతారో మీకు తెలుసా? పై అంతస్తులో కొత్తగా దిగిన మరాఠీ కోడలు రోజంతా ఎవరితో మాట్లాడుతోంది? వాళ్ళు తెలుగు నేర్చుకోవాలి, నిజమే, నేర్చుకుంటారు కూడా. ఐతే ఆ లోగా వాళ్ళకు బిడ్డ జబ్బు చేస్తే? నొప్పి భాష నేర్చుకునేదాకా ఆగదు గదా!

వ్యాకరణం అక్కర్లేదు, పది మాటలు చాలు. అమ్మ, బిడ్డ, నీళ్ళు, అన్నం, నొప్పి, జ్వరం, ఎక్కడ, ఎప్పటినుంచి, రండి, కూర్చోండి. ఈ పది మాటలూ మీ పొరుగున ఉన్న పరాయి భాషలో నేర్చుకోండి. కొట్లో కొనే పుస్తకం వద్దు, ఆ మనిషినే అడగండి. అడిగేటప్పుడు మర్యాద మరవకండి. మనం నవ్వుల పాలవుతాం, ఫరవాలేదు. మీ పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంగ్లీషు రైములు అప్పజెప్పిస్తే ఎంత మురిసిపోతామో, పనిమనిషి భాషలో నాలుగు మాటలు పిల్లవాడు పలికినా అంతే మురుద్దాం.

సముద్రాలు దాటి, ఇల్లూ వాకిలీ వదిలి, పిల్లల్ని వెంటబెట్టుకుని, ముక్కూ మొగమూ తెలియనివారి భాష నేర్చుకున్న కుటుంబాలు ఉన్నాయి. మనం దాటవలసింది గుమ్మం ఒక్కటే.

ఆ తాండూరు పిల్ల ఇప్పుడు పెద్దదయింది. పెళ్ళయింది, ఇద్దరు బిడ్డల తల్లి. మూడు భాషలు గడగడా మాట్లాడుతుంది. నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా వచ్చి చూసిపోతుంది. మాట్లాడేటప్పుడు కుడిచెవి నావైపు తిప్పుతుంది, అలవాటుగా. అది చూసిన ప్రతిసారీ నా గుండెలో ముల్లు కదులుతుంది. అందుకే ఆమె వచ్చినప్పుడు నేనెప్పుడూ ఆమెకు కుడిపక్కనే కూర్చుంటాను.